దాబా మీద ఇంటర్వ్యూ

2012 వేసవిలో అశోక్‌నగర్‌లోని మా లేడీస్ హాస్టల్లో గ్రూప్స్‌కు చదవని మనిషిని నేనొక్కదాన్నే. పశువైద్యం డిగ్రీ అప్పుడే ముగించాను. పశువులకు ఏం మేపాలి, ఎలా మేపాలి అని నేర్పే పశుపోషణలో పీజీ సీటుకు దరఖాస్తు పెట్టుకున్నాను. హాస్టల్లో అందరికీ నేను బర్రెల డాక్టర్‌ని. చిక్కడపల్లి లైబ్రరీలో పక్కన కూర్చునే అమ్మాయి ఒకసారి నా పుస్తకంలో ఆవు కడుపు బొమ్మ చూసి, ఇక అన్నం సయించదని వేరే బల్లకు వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. రాజ్యాంగం చదివితే మాత్రం ఆకలి పుడుతుందా?

నాన్న ఈ ఒక్క ఏడాదికే ఒప్పుకున్నారు. సీటు రాకపోతే మా మండలంలోని పశువుల ఆసుపత్రిలో కాంట్రాక్టు కొలువులో చేరాలి. సూదులు వేయడం చేతకాక కాదు. ఎండాకాలమంతా వట్టి గడ్డి తిని బక్కచిక్కిన బర్రెకు సూది ఏం చేస్తుందన్నదే నా గోల.

రాతపరీక్ష గట్టెక్కాను. ఇంటర్వ్యూ ఉందనగానే మా రూమ్‌లోని అక్క ఆ భారమంతా తన మీద వేసుకుంది. కరీంనగర్ వైపు పల్లెటూరి మనిషి, ఏళ్లుగా గ్రూప్-1కు చదువుతోంది. ఆదివారం టిఫిన్లు కాగానే దాబా మీద 'బోర్డు' పెట్టేది. మధ్యలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, పిట్టగోడ మీద ఆఫీసర్లలా ముగ్గురు అక్కలు. ఎవరికి ఇంటర్వ్యూ వచ్చినా ముందు ఇక్కడ కూర్చుని లేవాల్సిందే.

"గట్లేనా కూసునేది? సగం కుర్చీల కూసో. ఏది అడిగినా ముందుగాల సర్కారు స్కీం చెప్పు, ఆఖరుకు ఆర్టికల్ చెప్పు. ఇగ నీకు తిరుగుండది" అంది అక్క.

"బర్రెలకు ఆర్టికల్ యాడుంటదక్కా?"

"ఎందుకుండదే? నలభై ఎనిమిది. రాసుకో."

వెతికి చూస్తే పశుపోషణ గురించి నిజంగానే ఉంది. దాంతో ఆమె మీద నాకు గురి కుదిరింది.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురు ప్రొఫెసర్లు. ఎండాకాలంలో రైతు దగ్గర వరిగడ్డి తప్ప ఏమీ లేకపోతే ఏం చేస్తావని పెద్దాయన అడిగారు. నేను పశుగ్రాస పథకంతో మొదలుపెట్టి, సబ్సిడీ విత్తనాల మీదుగా ఆర్టికల్ నలభై ఎనిమిదికి చేరుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"కలెక్టర్ ఇంటర్వ్యూ అనుకుని వచ్చావా అమ్మా? ప్రభుత్వం సంగతి వదిలెయ్. బర్రె ముందు నువ్వేం పెడతావు?"

పక్కాయన ఫక్కున నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను. సీటు ఎలాగూ పోయిందనుకున్నాక భయం కూడా పోయింది. కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుని మా ఇంటి సంగతి చెప్పాను. గడ్డి మెత్తబడి బర్రె ఒంటికి పట్టాలని వరిగడ్డి మీద యూరియా నీళ్లు చల్లి, టార్పాలిన్ పట్టా కప్పి మాగబెట్టాను. మొదటిసారి పట్టా సరిగ్గా మూయక గడ్డి బూజు పట్టింది, నానమ్మ చేత తిట్లు తిన్నాను. రెండోసారి చక్కగా మాగింది గానీ ఆ ఘాటుకు బర్రె మూతి తిప్పుకుంది. కాసేపు గాలికి ఆరబెట్టి, గుప్పెడు తవుడు కలిపాక తిన్నది.

"పాలు పెరిగాయా?"

"పెరిగినట్టే అనిపించింది సార్, కానీ నేను కొలవలేదు. అది ఎట్ల కొలవాలో నేర్చుకుందామనే వచ్చిన."

సీటు వచ్చింది. నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గరి నెట్ సెంటర్లో ఫలితం చూసుకుని, జిలేబీ కట్టించుకుని హాస్టల్‌కు నడిచాను. నీ సలహా నన్ను ముంచబోయిందని అక్కను ఏడిపించాలని దారంతా ఉబలాటపడ్డాను. ఆమె దాబా మీద బట్టలు ఆరేస్తోంది. కలెక్టర్ ముక్క చెప్పగానే కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత తడి దుప్పటిని తీగ మీద సర్దుతూ, నా వైపు చూడకుండా అడిగింది.

"లోపట ఎట్లుంటదే? నిజంగనే ముగ్గురు ఒక్కసారే నీ దిక్కు జూస్తరా?"

హాస్టల్ నుంచి అంతమందిని తయారుచేసి పంపిన మనిషిని ఇంతవరకూ ఏ ఇంటర్వ్యూకూ పిలవలేదని నాకప్పుడు తెలిసింది. దుప్పటి రెండో కొస అందుకుని, తలుపు తోసిన దగ్గర్నుంచి ఒక్కటీ వదలకుండా ఆమెకు చెప్పాను.