అందరి తెరల మీదా పెద్దక్షరాలు

చేత్తో సెట్టింగు మార్చడమంటే మా స్క్రిప్టు మావయ్యకి నామోషీ. మెనూ తెరిచి, ఒక గడిలో టిక్కు పెడితే అరనిమిషంలో తేలిపోయే పనికి పొద్దుటినుంచి భోజనాల వేళ దాకా కూర్చుని స్క్రిప్టు, అంటే ఆ పని కంప్యూటరే చేసుకునేలా ఓ చిన్న ప్రోగ్రాము, రాసేవాడు. ఆ స్క్రిప్టు అప్లికేషన్ లోపలికి దూరి, దాని సెట్టింగులన్నీ చదివి, మావయ్య కోరింది మార్చి బయటికి వచ్చేది. కోరనివి కూడా ఒకటి రెండు మార్చేది, అది దాని ఉదారత్వం.

మాది పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఆఫీసు. నేను పేజీలు పేరుస్తాను, మావయ్య కంప్యూటర్లు చూసుకుంటాడు. వరసకి ఎవరికీ మావయ్య కాడు గానీ, ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు మాలో లేరు.

ఒకసారి అడిగాను. "మావయ్యా, నా తెర మీద కొలతలు అంగుళాల్లో ఉన్నాయి. సెంటీమీటర్లు కావాలంటే ఎక్కడ నొక్కాలి?"

"నొక్కడమేంటి అల్లుడూ, అది మనుషులు చేసే పనా?"

సాయంత్రానికి ఆఫీసులో అన్ని కంప్యూటర్లూ సెంటీమీటర్లలోకి వచ్చేశాయి. సంగతి తెలియని అట్టల ఆర్టిస్టు పాత అంకెలే కొట్టి సైన్సు పుస్తకానికి అగ్గిపెట్టెకి సరిపోయే అట్ట వేశాడు. "ముద్దుగా ఉంది," అని మావయ్య ఓదార్చాడు.

ఇంట్లోనూ ఇదే సేవ. ఉత్తరం టైపు చేస్తుంటే మాటల కింద ఎర్రగీతలు పడుతున్నాయని అత్తయ్య విసుక్కుంటే, సెలవు రోజంతా స్క్రిప్టు రాశాడు. ఈలోగా ఆవిడ ఉత్తరం పెన్నుతో రాసి, పోస్టు చేసి, వంట కూడా ముగించింది.

ఇలా ఉండగా మేనేజరు కన్ను ప్రూఫులు దిద్దే, మేమంతా పిన్ని అని పిలిచే ఆవిడ మీద పడింది. "ఈమధ్య తప్పులు మరీ ఎక్కువైపోతున్నాయి. ఇంకొకర్ని చూసుకోవాలి," అన్నాడు అందరి ముందే. పిన్ని తల దించుకుంది.

మర్నాడు ఆఫీసుకి వచ్చేసరికి అందరి తెరల మీదా అక్షరాలు గుమ్మడికాయల్లా ఉబ్బిపోయి ఉన్నాయి.

"ఇవి అక్షరాలా, దుకాణం బోర్డులా?" అన్నాడు మేనేజరు.

"స్క్రిప్టు దారి తప్పింది సార్," అన్నాడు మావయ్య.

"వెనక్కి మార్చు."

"రావట్లేదు సార్."

"అసలు నీకు జీతం దేనికయ్యా ఇస్తున్నాం?"

"నాకూ అదే అనుమానం సార్."

నేను నా తెర మీద చేత్తోనే సైజు తగ్గించుకున్నాను. అప్లికేషన్ మూసి తెరిస్తే మళ్లీ గుమ్మడికాయలే. దారి తప్పిన స్క్రిప్టు ఇంత శ్రద్ధగా పనిచేయదు. మావయ్యని మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"నువ్వు వదిలేలా లేవు కాబట్టి చెప్తున్నా, నీలోనే ఉంచుకో," అన్నాడు గొంతు తగ్గించి. "గంటగంటకీ అన్ని మిషన్ల సెట్టింగులూ స్క్రిప్టుతో చదివిస్తాను కదా. పిన్ని మిషన్లో అక్షరాల సైజు రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉంది. మేనేజరు తన గదిలో ఉన్నంతసేపూ పెద్దవి, ఇటు వస్తే చిన్నవి. వెళ్లి అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుంది. శుక్లాలట. త్వరలోనే ఆపరేషన్. ఈలోగా తెలిస్తే పని పోతుందని భయం."

"దానికి అందరివీ పెంచడమెందుకు?"

"ఆవిడ ఒక్కదానివే పెద్దవైతే ఆవిడని అంటారు. అందరివీ పెద్దవైతే నన్ను అంటారు. నన్ను అనడం కొత్తా ఏంటి?"

తర్వాత ఆఫీసంతా మావయ్యని తీరిక దొరికినప్పుడల్లా తిట్టింది. ప్రూఫుల్లో తప్పులు మాత్రం తగ్గిపోయాయి. అదంతా తన హెచ్చరిక మహిమేనని మేనేజరు పైవాళ్లకి చెప్పుకున్నాడు. పిన్ని ఆపరేషన్ చేయించుకుని, కొత్త కళ్లజోడుతో వచ్చి కూర్చుంది.

"ఇంక చాలు బాబూ, నీ అక్షరాలు మీద పడి కరిచేలా ఉన్నాయి," అంది మావయ్యతో, నవ్వుతూ.

మావయ్య మేనేజరు గదికి వెళ్లాడు. పేజీలు చూపించడానికి నేనూ అక్కడే ఉన్నాను.

"సార్, స్క్రిప్టు దారికొచ్చింది. పాత సైజు పెట్టేస్తాను."

మేనేజరు లేచి తలుపు దగ్గరగా వేశాడు. వచ్చి కూర్చుని, బల్ల మీద లేని దుమ్ము తుడిచాడు.

"అందరివీ మార్చెయ్," అన్నాడు మెల్లగా. "నాది మాత్రం ఉండనీ. బయట చెప్పకండి."

"అలాగే సార్," అన్నాడు మావయ్య. వెంటనే కిటికీ వైపు తిరిగి చాలాసేపు దగ్గాడు.