పాత లేఖ తిరిగిచ్చిన ప్రూఫ్‌రీడరు

ప్రెస్సులో అందరూ ప్రూఫులక్క అని పిలిచే ఆమె గురించి మూడు మాటలు వాడుకలో ఉన్నాయి. జీతం పెంచమని యజమాని ప్రాణం తోడేసిందన్నది మొదటిది. పెంచుతామని ఎవరూ అనకపోయినా తనకు తానే ఊహించుకుందన్నది రెండోది. లోపాయికారిగా ఏదో ముట్టింది కనుకనే చివరికి నోరు మూసుకుందన్నది మూడోది. వీటిలో ఒక్కటీ నిలవదు.

ఆమె ఏనాడూ అడగలేదు. తోటి ప్రూఫ్‌రీడరు చూపు మందగించి మానుకోగా రెండు బల్లల పనీ ఆమె నెత్తినే పడింది. ఆ ప్రెస్సులో అచ్చయ్యేవి మందుపెట్టెల్లో మడిచిపెట్టే కాగితాలు. చీమ తలకాయంత అక్షరాలు. యజమానే మేనేజరు చేత లేఖ పంపాడు. రెండు బల్లల పని చూసుకోవాలి, ఒకటో తేదీ నుంచి జీతం నాలుగో వంతు పెరుగుతుంది అని అందులో ఉంది. కింద సంతకం, ముద్ర.

ఆ రోజే ఆమె కింది వాటా అద్దెకు తీసుకుంటానని ఇంటివాళ్ళకు మాటిచ్చింది. భర్త పోయాక ఆమెకు మిగిలింది అత్తగారొక్కరే. కాపురం మూడో అంతస్తులో. మోకాళ్ళు పట్టేసిన ఆ ముసలావిడ మెట్లు దిగి ఎనిమిది నెలలైంది. నెలాఖరుకు ఖాళీ అయ్యే కింది వాటాకు అద్దె ఎక్కువ. పెంపు వస్తేనే అందుతుంది.

"గడప దాటితే వీధేనటగా?" అంది అత్త.

"అవునత్తయ్యా. కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు."

"కూర్చునే భాగ్యం ఇక్కడా ఉందిలేవే. నేను నడుస్తా. పక్కింటావిడ నేను పోయాననుకుంటోందట, ఎదురుపడి దడిపించాలి."

నెలంతా ఆమె రెండు బల్లల పనీ చేసింది. జీతాలకు రెండు రోజుల ముందు మేనేజరు కవరు పట్టుకొచ్చాడు.

"అక్కా, లేఖలో చిన్న సవరణ. కొత్త ప్రతి ఇదిగో. పాతది ఇలా ఇచ్చెయ్యండి."

ప్రూఫు బల్ల దగ్గర ఒక కట్టుబాటు ఉంది. సవరించిన ప్రతి రాగానే పాతదాని మీద అడ్డంగా ఎర్ర గీత కొట్టి, తెచ్చినవాడి చేతికే ఇచ్చేయాలి. రెండూ బల్ల మీద కలిశాయంటే తప్పుదే అచ్చుకు పోతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆమె చేయి ఆ పనిని ఆలోచన లేకుండానే చేస్తోంది. ఆ రోజూ అంతే. సొరుగులోంచి పాత లేఖ తీసింది, గీత కొట్టింది, ఇచ్చింది. ఆ తరువాతే కొత్తది చదివింది. జీతం పెంపు విషయం పరిశీలనలో ఉందని అందులో రాసి ఉంది. అక్షరదోషం ఒక్కటీ లేదు.

తలెత్తేసరికి మేనేజరు మెట్లు దిగిపోయాడు.

మర్నాడు సెలవు పెట్టి లేబరాఫీసుకు వెళ్ళింది. అధికారి ఓపికగా విన్నాడు.

"చూడమ్మా, రాబోయే నెలలకు ఇవ్వలేనని ముందే చెబితే అది వేరే వాదన. ఇస్తామని రాసిచ్చి, ఆ మాట మీద చేయించుకున్న పనికి ఇప్పుడు కాదంటే చెల్లదు. లేఖ ఇలా ఇవ్వు."

"తిరిగిచ్చేశానండి."

"జిరాక్సైనా ఉందా?"

"పాత ప్రతికి నకలు ఉంచకూడదండి మా దగ్గర."

"నీ జీతం కాగితం కూడా ప్రూఫేనా తల్లీ?" అన్నాడు గాని, ఆమె ముఖం చూసి నవ్వు మింగేశాడు. "ఫిర్యాదు రాసుకుంటాను, వాళ్ళను పిలుస్తాను. అలాంటి లేఖే లేదంటే మాత్రం నా చేతిలో ఏమీ ఉండదు."

వాళ్ళు అదే అన్నారు. "అక్క పొరబడ్డారండి. ఉన్న లేఖ ఇదొక్కటే," అని మేనేజరు కొత్తది చూపించాడు. ఆమె వైపు చూడలేదు. బయట వరండాలో మాత్రం ఆగాడు.

"నన్ను తిట్టుకోకక్కా. నా జీతమూ యజమాని చేతిలోనే ఉంది."

"నేనిచ్చిన కాగితం ఏం చేశావు బాబూ?"

"కొట్టేసిన ప్రతిని ఏం చేస్తామక్కా? చింపేస్తాం."

ఆ నియమం కొత్తవాళ్ళకు నేర్పింది ఆమే.

ఆమె వదులుకున్న కింది వాటాలోకి వేరెవరో సామాను దించుతున్న చప్పుడు మూడో అంతస్తు దాకా వినిపించింది.

"పోనీలేవే, కింద దోమలట," అని అత్త గోడవైపు తిరిగి పడుకుంది.

కనుక జరిగినదాన్ని జరిగినట్టే చెప్పుకోవాలి. ఆమె పెంపు అడగలేదు, ఊహించుకోలేదు, దేనికీ అమ్ముడుపోలేదు. రాసిచ్చిన మాటను నమ్మి నెలంతా పని చేసింది. ఆ పనికి రావలసినది ఎగ్గొట్టే హక్కు యజమానికి లేదు, అయినా ఎగ్గొట్టాడు. అతన్ని నిలదీయడానికి ఉన్న ఒకే ఒక్క కాగితాన్ని, కొత్తది చదవకముందే, ఆమె చేతులారా ఇచ్చేసింది.