పెదనాన్న గట్టి ముక్కు

నా చిన్నప్పుడు, మండవల్లిలో, మా ఇంట్లో ఒక వీరుడు ఉండేవాడు. ఆ గాథ కాండలు కాండలుగా చెప్పుకోవలసినది. నిజం చెప్పాలంటే అంత లేదు. అది మా పెదనాన్న ముక్కు సంగతి.

పెదనాన్నది చేపల ప్యాకింగ్ షెడ్డు. ఎండాకాలం ఐసు కరిగి, పాడైన సరుకు ఓ మూల పోగుపడితే కూలీలు ముక్కుకు తువ్వాళ్ళు కట్టుకునేవారు. ఆయన ఆ పోగు పక్కనే నిలబడి టీ తాగేవారు. "ముక్కు మూసుకునేవాడికి చేపల వ్యాపారం ఎందుకండీ?" అనేవారు. మేమంతా గర్వపడేవాళ్ళం. పడుకుంటే ఆయన ఛాతీలోంచి పిల్లికూతలు వినిపించేవి. అవి ఐసు వల్లనని మేమే తేల్చేశాం.

ఓ ఏడు ఆయాసం ముదిరింది. గుమ్మం దాకా నడిచినా కూలబడిపోయేవారు. పెద్దమ్మ ఏడ్చి, గొడవపడి, ఆయన్ని ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళింది. సంచి మొయ్యడానికి నన్నూ తీసుకెళ్ళారు.

డాక్టరమ్మ ఛాతీ పరీక్షించి, ఆయన్ని కళ్ళు మూసుకోమన్నారు. మా సంచిలోని కమలాపండు తీసి సరిగ్గా ఆయన ముక్కు కిందే ఒలిచారు. గదంతా ఘుమఘుమలాడింది.

"ఏంటండీ ఇది?" అని అడిగారావిడ.

"మీరింకా ఏమీ తియ్యలేదు కదండీ," అన్నారు పెదనాన్న.

నేను పకపకా నవ్వాను. పెద్దమ్మ నవ్వలేదు. "కూర మాడినా ఏమీ అనేవారు కాదండీ. మంచి మనిషి అనుకున్నాను," అంది.

టార్చి వేసి చూస్తే ముక్కులో ఒలిచిన ద్రాక్షపళ్ళలా కండ పెరిగి ఉంది. ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా దారి ఒకటేనని, ఆ దారంతా లోపలి పొర వాచిందని, ఆ వాపే పైన కండగా, కింద ఆయాసంగా బయటపడిందని ఆవిడ చెప్పారు. ముక్కుకి స్ప్రే, ఛాతీకి ఇన్‌హేలర్ రాసి, ఒకటి వాడి రెండోది మానేస్తే కుదరదన్నారు.

తిరుగు బస్సులో పెదనాన్న నా చెవిలో, "ఆయాసం సంగతి ఎవరికైనా చెప్పుకో. ముక్కు సంగతి మాత్రం షెడ్డులో అనకే అమ్మాయ్," అన్నారు.

కొన్ని వారాలకు ఊపిరి కుదుటపడి, నడిచే షెడ్డుకి వెళ్ళారు. లోపల అడుగు పెట్టారో లేదో బయటికి వచ్చేశారు. "ఇదేం కంపురా బాబూ! ఇందులో ఎలా పనిచేస్తున్నారర్రా?" కూలీలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ పూటే పోగు ఎత్తించేశారు.

ఇప్పటికీ ఎవరైనా ఆయాసమంటే, వాసన తెలుస్తోందా అని అడుగుతాను. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. డాక్టరమ్మ చెప్పిన ఇంకో మాట కూడా గుర్తుంది. ఇన్‌హేలర్ పీల్చాక నీళ్ళతో నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలి. లేకపోతే నోరు పూస్తుంది.