మూడో బండ

పద్నాలుగేళ్ళ నుంచి ఒక మాటను కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. విప్పి చెబితే నాలుగు వాక్యాలు. మా నాయనకు చెప్పలేదు. కట్టుకున్న మనిషికి చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. ఆ మనిషి ఇప్పుడు కూడా నాకు ముప్ఫై అడుగుల దూరంలో, మా గోడౌను రేకుల కింద కూచుని పని చేసుకుంటున్నాడు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ ముందు నోరు విప్పగలుగుతున్నాను. దీన్ని ధైర్యం అనుకోకండి.

మాది మార్కాపురం. పలకరాతి వ్యాపారం. తాత కాలంలో బడిపిల్లల పలకలు, నాయన కాలానికి ఇళ్ళ గోడలకూ నేలకూ వేసే బండలు. ఈ ఇళ్ళలో పుట్టినవాడికి అక్షరాల కంటే ముందే వచ్చే విద్య ఒకటుంది. రాయిని కొట్టి వినడం. బండను ఒక చేత్తో నిలబెట్టి సుత్తి పిడితో చిన్నగా కొడతాం. మంచిదైతే ఖంగుమంటుంది. లోపల కంటికి ఆనని బీట ఉంటే డొల్లగా పలుకుతుంది. పలకరాయి పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి, బీట ఉన్న బండ మీద బరువు పడితే ఏదో ఒకనాటికి విడిపోతుంది. కొట్టి చూడకుండా మా ఊళ్ళో గడప ముందు మెట్టుకు కూడా బండ వేయరు. ఏడేళ్ళకే నాకు ఆ చెవి పట్టుబడిందని నాయన దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తెలియక చేశానని తప్పించుకునే దారి నాకు లేదు.

ఇరవై నాలుగేళ్ళ వయసులో నాయనను పోరి పోరి హైదరాబాదు నుంచి ఒక సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు తెచ్చుకున్నాను. రెండే తలుపులు, ఎర్ర రంగు, నేలకు జానెడు ఎత్తు. స్పీడు బ్రేకరు వచ్చిన ప్రతిసారీ అడుగు గీసుకుపోయేది. ఊళ్ళో నవ్వనివాళ్ళు లేరు. నాకు మాత్రం కళ్ళు నెత్తిమీదే ఉన్నాయి. ఉన్నది చాలదన్నట్టు స్ప్రింగులు మార్పించి ఇంకా కిందికి దించాను. వెడల్పు టైర్లు వేయించాను. ఇన్ని చేసినవాడికి నడపడం రాదు. తొక్కడం వచ్చు. ఆ రెండూ వేరని నాకు తెలియజెప్పినవాడు దావీదన్న.

దావీదన్న మా లోడు లారీ డ్రైవరు. ఊరు పెద్దారవీడు పక్కన చిన్న పల్లె. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడు, అయినా నన్ను చిన్నయ్యా అనే పిలిచేవాడు. గిద్దలూరు దాటి నల్లమల ఘాటు రోడ్డు మీదుగా నంద్యాలకు ఏళ్ళ తరబడి మా రాళ్ళు చేరవేశాడు, ఒక్కనాడూ బండికి గీత పడనివ్వలేదు. పడమటి వైపు డ్రైవర్లందరికీ ఆయన జాగ్రత్తే కొలమానం. మొదటిసారి ఆయన నా కారును ఘాటు ఎక్కించినప్పుడు నేను పక్క సీట్లో కూచున్నాను. ఏ మలుపులోనూ నా ఒళ్ళు ఇటు అటు ఊగలేదు. చూస్తే వేగం తక్కువేమీ లేదు. బ్రేకు పని మలుపుకు ముందే అయిపోయేది, మలుపులో ఆయన కాలు ఊరికే ఉండేది. నేను ఆ దారిలోనే బండిని ఎన్నిసార్లు కుదిపేశానో గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆ తర్వాత ఆరు నెలలు, ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక, నన్ను తీసుకుని పోయేవాడు. మొదటి రెండు నెలలు నలభై దాటనివ్వలేదు. అద్దాలు దించాలి, పాటలు పెట్టకూడదు, ఇంజను ఏమంటోందో వినాలి. ఎక్కడానికి ఏ గేరు పడుతుందో దిగడానికీ ఆ గేరే. చూపు ముందున్న మలుపు మీద కాదు, దాని అవతల రోడ్డు ఎక్కడ తేలుతుందో అక్కడ ఉండాలి. పైకి చేరాక నాలుగు చక్రాల దగ్గరా అరచేతి వెనక వైపు పెట్టి వేడి చూడమనేవాడు. ఒకటి మిగతావాటికంటే కాలుతుంటే అక్కడ బ్రేకు పట్టేసిందని అర్థం. బ్రేకు ఆయిలు మార్చడం, పాత రబ్బరు గొట్టాలు తీసేయడం, పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడటం, అన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవే. రాయిని వినే చెవి ఉన్నవాడివి, బండిని వినడం నీకెంత పని అనేవాడు. మా నాయన పొగడ్తకంటే నాకు ఆ మాట ఎక్కువ ఇష్టంగా ఉండేది.

ఇక ఆ రోజు. ఎండాకాలం, మధ్యాహ్నం. మర్నాడు ఒంగోలు నుంచి స్నేహితులు వస్తున్నారు, ఘాటుకు పోదామని మాట. వాళ్ళకు వినిపించాలని పెద్ద చప్పుడు చేసే కొత్త సైలెన్సరు తెప్పించాను. దాన్ని బిగించాలంటే కారు వెనక భాగం ఎత్తి కింద దూరాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని దూరడం దావీదన్న ఒప్పుకోడు. లారీలకు పెట్టే చెక్క దిమ్మెలు ఉన్నాయి గానీ, నేను కిందికి దించిన కారుకు అవి పట్టలేదు. అలాంటప్పుడు మా ఊళ్ళో చేసేదే చేశాం. మందపాటి బండలు, ఒక్కో పక్కన నాలుగేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి కారును వాటి మీద ఆనించాలి. బిగించే పని దావీదన్నది, పానాలు సర్దుకుంటున్నాడు. బండలు తెచ్చి పేర్చే పని నాది.

ఎడమ పక్క నాలుగూ కొట్టి చూశాను. బాగున్నాయి. కుడి పక్క రెండు పెట్టాను. మూడోదాన్ని కొట్టాను. డొల్లగా పలికింది.

మంచి బండల వరుస గోడౌను ఆ చివర ఉంది. యాభై అడుగులు ఉంటుందేమో. ఎండ మండిపోతోంది. సెల్ మోగుతోంది, ఒంగోలు వాళ్ళు. నాలుగింటిలో ఒకటి గదా, పైనా కిందా మంచివే గదా, అరగంట పని గదా అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక తర్వాత నాకు నేను చెప్పుకున్నానా? ఎన్నిసార్లు తవ్వినా అది తేలదు. చెయ్యి మాత్రం ఆగలేదు. మూడోది పెట్టాను, దాని మీద నాలుగోది పెట్టాను. కారును దించి ఆనించాక, సైలెన్సరు గొట్టానికి అడ్డం వస్తోందని జాకీ కూడా తీసేశాం.

కింద దూరే ముందు ఆయన మోకాళ్ళ మీద కూచుని నా వైపు చూశాడు.

"బండలు కొట్టి చూసినావా చిన్నయ్యా?"

"చూసినా అన్నా."

"అన్నీనా?"

"అన్నీ చూసినా. మంచివే."

"నువ్వు చూసినావంటే ఇంకేంది" అని వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాడు.

పాత బోల్టు తుప్పు పట్టి రావడం లేదు. ఆయన పానా వేసి గట్టిగా లాగాడు, ఇంకోసారి లాగాడు. చిన్న చప్పుడైంది, పుల్ల విరిగినంత. మూడో బండ రెండు పొరలుగా విడిపోయి, పై పొర జారింది. కారు ఆయన కుడి కాలి మీద కూచుంది. ఆయన అరిచిన అరుపును నేను రాయలేను.

పనివాళ్ళు పరుగెత్తి వచ్చి చేతులతో కారు లేపారు. ఆయన్ను మా వ్యానులోకి ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయారు. నేను వెనకాలే వస్తానన్నాను. ఎందుకు వెనకపడ్డానో చెబుతాను. పగిలిన మూడో బండ ముక్కలు ఏరాను. గోడౌను వెనక మా రాతి వ్యర్థం కొండంత గుట్ట ఉంటుంది. వాటిని తీసుకుపోయి దాని మీదికి విసిరేశాను. అక్కడ పడ్డ రాయిని ఇక దేవుడు కూడా వెతకలేడు. బండ పెట్టింది తొందరలో అనుకున్నా, ఇది తొందర కాదు. ఆయన నెత్తురు ఇంకా నేల మీద తడిగా ఉంది. అది దాటుకునే పోయాను, దాటుకునే వచ్చాను.

మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. మూడో రోజు చెప్పేద్దామనే పోయాను. ఒట్టు, ఆ రోజు చెప్పేవాణ్ణే. మంచం చుట్టూ ఆయన భార్య మార్తమ్మ, నలుగురు డ్రైవర్లు, మా నాయన. ఎట్ల జరిగిందని ఎవరో అడుగుతున్నారు. నేను నోరు తెరిచేలోపే ఆయన అన్నాడు, "రాళ్ళది తప్పేం లేదు. చిన్నయ్య కొట్టి చూసినాడు. నేనే ఎద్దు మాదిరి లాగినా, కారు కదిలిపోయింది." తెరిచిన నోరు మూసుకున్నాను. అబద్ధం ఆడే శ్రమ కూడా లేకుండా పోయింది. నన్ను నమ్మాడు కాబట్టి, తప్పు ఎక్కడుందో వెతుక్కుని తన మీదే వేసుకున్నాడు.

అప్పటి నుంచి అదే నిజమైపోయింది. అంతటి దావీదు కూడా తొందరపడినాడంట అని గిద్దలూరు దాకా డ్రైవర్లు చెప్పుకున్నారు. మార్తమ్మ ఇప్పటికీ ఆయన అన్నం ముందు కూచున్నప్పుడల్లా దెప్పుతుందట, నీ కాలు నువ్వే తీసుకున్నావని. డ్రైవరుకు మిగిలేది పేరొక్కటే. కాలు పోయింది, దాంతోపాటు పేరూ పోయింది. మా నాయన ఆయనకు గోడౌనులో కూచుని చేసే పని ఇచ్చాడు. ఏం పనో తెలుసా? బండలు కొట్టి చూసే పని. ఊరంతా మమ్మల్ని ధర్మాత్ములన్నారు. నేను తల వంచుకుని విన్నాను. అది వినయం అనుకున్నారు.

రెండేళ్ళ తర్వాత ఒకసారి ఘాటుకు తీసుకుపొమ్మని ఆయనే అడిగాడు. పక్క సీట్లో కళ్ళు మూసుకుని కూచుని దారి పొడుగునా ఇంజను విన్నాడు. పైన ఆపాక, ఆయన దిగలేడు కాబట్టి, నేనే నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూసి వచ్చాను. "నీకు బండి వచ్చేసింది చిన్నయ్యా" అన్నాడు. చుట్టూ అడవి, మేమిద్దరమే. అంతకంటే మంచి చోటు నాకు మళ్ళీ దొరకలేదు. ఏం అడ్డొచ్చింది? ఆయన కోప్పడతాడనా? కాదు. కోప్పడకపోతే ఆ ముఖం ఎలా చూడాలన్న భయం. కిందికి దిగేటప్పుడు కళ్ళ నీళ్ళు ఆగలేదు. అయినా ఒక్క మలుపు తప్పలేదు. ఆయన నేర్పింది అంత బాగా నేర్చుకున్నాను, సిగ్గులేని వెధవని.

మళ్ళీ ఘాటుకు పోలేదు. కారు అమ్మనూ లేదు. గోడౌనులో టార్పాలిన్ కింద ఉంది. వారానికోసారి స్టార్టు చేసి, నూనె చూసి, కప్పేస్తాను. ఆ చప్పుడుకు ఆయన చేతిలో సుత్తి ఆపి వింటాడు.

పోయిన వారం కొత్త డ్రైవరు ఒకతను చేరాడు. దావీదన్న అతన్ని పిలిచి, పంచె పక్కకు తీసి కాలు చూపించి, ఎప్పుడూ చెప్పే పాఠమే చెప్పాడు. "చూడు నాయనా, రాయి మంచిదే. చిన్నయ్య చెవి ఈ ఊళ్ళో ఇంకొకరికి లేదు, ఆయనే చూసి పెట్టినాడు. నా తొందరే నా కాలు తీసింది." కొత్తవాడు నా వైపు గౌరవంగా చూశాడు. ఎన్నోసార్లు విన్న మాటే. ఈసారి మాత్రం లోపలికి పోయి తలుపేసుకున్నాను. అప్పుడు మొదలుపెట్టిన కాగితం ఇది.

ఇది చదివి నన్ను క్షమించమని అడగను. అడిగితే ఆయన్నే అడగాలి, అడిగే ముఖం నాకు లేదు. రేపు వస్తుందేమో, రాదేమో. మీకు మాట ఇవ్వలేను.

రేకుల కింద ఆయన పని నడుస్తూనే ఉంది. ఖంగు. ఖంగు. ఖంగు. ఇప్పుడే ఒకటి డొల్లగా పలికింది. ఆయన దాన్ని తీసి పక్కన పెట్టి, ఇంకోదాన్ని అందుకున్నాడు. అంతసేపే పట్టింది. ఒంటికాలి మనిషికి, కూచున్న చోటి నుంచి.

మూడో బండ డొల్లగా పలికింది. నేను విన్నాను. విని కూడా పెట్టాను. ఆయన అడిగితే మంచివే అన్నాను.