బోడసకుర్రు రేవులో ఒక తీర్పు

శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖలను మా తొమ్మిదో తరగతి పిల్లలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవారు. చివర్లో మాత్రం "ముగ్గురిలో పెద్దెవరండి?" అని అడిగేవారు. ఊళ్ళో పెద్దంటూ ఒకరు లేకుండా పని జరగడం వాళ్ళెరగరు. సాంఘికశాస్త్రం మాస్టారిని కదా, అమలాపురం కోర్టు చూపిద్దామని బయల్దేరదీశాను. తొంభైల్లో మాట. పాశర్లపూడి దగ్గర ఇంకా వంతెన లేదు; పంటు అనే పెద్ద పడవ మీద గోదావరి దాటి, అవతల బోడసకుర్రు రేవులో దిగాలి.

ఉదయం ఏడింటికి పిల్లలూ, నేనూ, తోడుగా డ్రిల్లు మాస్టారూ మలికిపురంలో బస్సెక్కాం. దారిలోనే మూడు శాఖలూ పెట్టాను. తరగతంతా చేతులెత్తి ఒక చట్టం చేసింది: రేవు దాటాక, అవతల మాట్లాడుకున్న వ్యాను ఎవరి కోసమూ ఆగకూడదు, మాస్టారైనా సరే. అమలు చేసేది సూరిబాబు. తగువొస్తే తీర్పు సలోమిది. జడ్జి గారిని కళ్ళారా చూడాలని ఆ అమ్మాయి కోరిక. పదిన్నర దాటితే లోపలికి రానిచ్చేది లేదని కోర్టువాళ్ళు ముందే చెప్పారు.

పంటు దిగేసరికి తొమ్మిదిన్నర. రేవు పక్కనే మా మేనత్తగారిల్లు. మంచినీళ్ళు తాగొద్దామని వెళ్ళాను. కోనసీమలో మంచినీళ్ళంటే ముందు పెసరట్టు, తరవాత ఉప్మా, ఆపైన కాఫీ. "ఒక్క అట్టుకే లేచిపోతే మీ మావయ్యగారేవనుకుంటార్రా" అంది అత్త. ఇక్కడ పుట్టినవాడెవడూ ఆ మాటకు లేవలేడు. పిల్లలతో ఈ దారిన వెళ్ళే మాస్టార్లు రేవులో బంధువులుంటే ఇంట్లోనే తిని బయల్దేరండి.

తిరిగొచ్చేసరికి వ్యాను లేదు. పంటు టిక్కెట్లిచ్చేవాడు నవ్వాడు. "ఆ కుర్రోడేవో మాస్టారు కదా, ఆగుదావన్నాడండి. రూలు రూలేనని ఆ పాప పోనిచ్చేసిందండి. మీ డ్రిల్లు మాస్టారు నోరెత్తలేదండి."

ఆర్టీసీ బస్సులో నిలబడి, కోపంతో ఉడుకుతూ వెళ్ళాను. పదకొండింటికి కోర్టు వరండాలో బంట్రోతు అడ్డొచ్చాడు. "ఆయ్, పిల్లలు లోపలున్నారండి. ఇప్పుడు ఎవర్నీ పంపకూడదండి."

కిటికీలోంచి చూశాను. ముందు బల్ల మీద సలోమి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, రెప్ప వెయ్యకుండా జడ్జి గారినే చూస్తోంది. నా కోపం అక్కడే పోయింది. చెప్పలేనంత సంతోషం వేసింది.

మధ్యాహ్నం పులిహోర పొట్లాలు తిని, నాలుగింటికి తిరుగు పంటెక్కాం. ఒక్కరూ నా పక్కకు రాలేదు. సూరిబాబు మాత్రం వచ్చి, "నేను ఆగుదావనే అన్నానండి" అని తన పదవి కాపాడుకున్నాడు. ఆ తరవాత సలోమి వచ్చింది.

"కోపం వచ్చిందాండి?"

"వచ్చిందమ్మా. తీర్పు మాత్రం సరైనదే. పైకోర్టుకు వెళ్ళను."

అప్పుడు ఏడ్చింది. పొద్దున వ్యాను పోనిమ్మన్నప్పటి నుంచీ ఆపుకుందట. ఇన్నేళ్ళూ పాఠం చెప్పాను కానీ, తీర్పు చెప్పడం ఇంత కష్టమని ఎవరికీ చెప్పలేదు.