నాన్న చూడని ఊళ్ళో భోజనం

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే రకం నేను. సింగపూర్ వుడ్‌ల్యాండ్స్‌లో మా బ్లాక్ కింద చైనీసువాళ్ళు తమ పంచాంగం ఏడో నెలలో పోయినవాళ్ళ కోసం కాగితాలు కాలుస్తుంటే, బూడిద తొక్కకుండా పక్కనుంచి నడిచేదాన్ని. అదీ మర్యాద కోసమే, నమ్మకం ఉండి కాదు.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకి వెళ్ళినవాడు. నాన్న ఆ తోటల్లోనే పుట్టి, షిప్‌యార్డ్ పని కోసం సింగపూర్ వచ్చేశారు. సొంతూరు ఎప్పుడూ చూడలేదు. “రిటైరయ్యాక వెళ్దాం” అనేవారు. అంతలోనే గుండెపోటుతో పోయారు. అప్పట్నుంచి అమ్మ పళ్ళెంలో అన్నం కెలికి లేచిపోయేది.

సింగపూర్‌లో రాఫెల్స్ ప్లేస్ ఆఫీసులు హైదరాబాద్ కుర్రాళ్ళతో నిండిపోతున్న రోజులవి. మా కంపెనీ నన్ను పనిమీద హైదరాబాద్ పంపితే అమ్మనీ తీసుకెళ్ళాను. తాత ఊళ్ళో మా ఇంటిపేరువాళ్ళది ఒక ఇల్లు మిగిలి ఉందని, ఆ వైపువాడే అయిన ఒక సహోద్యోగి చెప్పాడు. మేం వస్తున్నట్టు మాత్రం వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఏ రోజు బయల్దేరతామో మాకే తెలియదు.

రాత్రి రైలెక్కి, మధ్యాహ్నానికి ఆ ఊరు చేరాం. ఆ పెంకుటింటి అరుగు మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. నాన్నకి వదిన వరస. సింగపూర్ నుంచి వచ్చామన్నానో లేదో, ఆవిడ లేచింది.

“ఇంత ఆలిస్యమేటమ్మా? ఆడోళ్ళిద్దరూ ఎనకాలొస్తన్నారని మరిది పొద్దున్నే సెప్పినాడు.”

“ఏ మరిది, పెద్దమ్మా?”

“మీ నాన్నే. నాకు సూపు ఆనదు గానీ గొంతు బాగా ఇనపడింది.” అమ్మవైపు తిరిగింది. “నీకు కడుపులో పుండట కదమ్మా, కారం ఎయ్యొద్దన్నాడు. ‘మకాన్ రెడీయా’ అనడిగినాడు. మకానంటే ఏటి?”

మకాన్ అంటే మలయ్‌లో తిండి. పని నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ నాన్న రోజూ అడిగే మాటే అది. అమ్మ కడుపులో పుండు సంగతి నా సహోద్యోగికి కూడా తెలియదు.

అమ్మ స్తంభం పట్టుకుని మెల్లగా అడిగింది. “అక్కా, ఆయన తిన్నారా?”

“మంచినీళ్ళు తాగీసి, ఊరు సూసొస్తానని ఎల్నాడు.”

లోపల మూడు విస్తళ్ళు వేసి ఉన్నాయి. అన్నం, కారం లేని ఆనపకాయ పప్పు. నేను వీధిలోకి పరిగెత్తి, ఎదురింటి అరుగు మీద బియ్యం చెరుగుతున్నవాళ్ళని అడిగాను. పొద్దుట్నుంచీ అక్కడే ఉన్నారట. కొత్త మనిషి ఎవరూ రాలేదన్నారు. తిరిగొచ్చేసరికి అమ్మ మారు వడ్డించుకుని తింటోంది.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. పెద్దావిడ భ్రమ అనుకుందామంటే, ఆ మలయ్ మాట ఆవిడ నోటికి ఎలా వచ్చింది? నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మని అడిగితే ఆలోచించను కూడా ఆలోచించదు.

“ఊరు చూసుకున్నారు కదే” అంటుంది.