శాలువాలు సర్దిన పూట

పై ఆఫీసు నుంచి వాన కబురు వస్తే రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టడం వ్యవసాయ శాఖలో నా ఉద్యోగంలో భాగం. దానికంటే సభలు నడపడంలోనే నాకు హుషారెక్కువ, ఒప్పుకుంటాను.

ఆ ఏడు జగిత్యాలలో ఒక సభ పెట్టాం. వాతావరణం మారిపోతోంది కదా, దాన్ని చదివే శాస్త్రవేత్తలనూ, పథకాలు రాసే అధికారులనూ ఒకచోట కూర్చోబెట్టాలని. ఏర్పాట్లన్నీ నా నెత్తిన పడ్డాయి. పడ్డాయనడం అబద్ధం, నేనే ఎత్తుకున్నాను.

రైతుల తరఫున మాట్లాడమని పెగడపల్లి వైపు పసుపు పండించే ఒకావిడను పిలిచాను. భర్త దుబాయిలో ఉంటాడు, సేద్యమంతా ఆమెదే. మొదట రానంది.

"పసుపు ఉడకబెట్టి కల్లంల ఆరబోసిన సారు. ఇడిసిపెట్టి ఎట్ల వస్త?"

"ఒక్క పూటే కదక్కా. మీ మాట పెద్దోళ్లు వినాలె" అని బతిమాలాను. కాదనలేక వచ్చింది.

సభ రోజు పొద్దున నా ఫోన్ మోగుతూనే ఉంది. ఎవరి పక్కన ఎవరి కుర్చీ, ఏ శాలువా ఎవరికి, ఒకటే గోల. శాస్త్రవేత్తల పేర్లు ముందా, అధికారుల పేర్లు ముందా అని బ్యానరు రెండుసార్లు మార్పించాను. మెసేజీలు చూసే తీరిక ఎక్కడిది?

ఆమె మైకు ముందు తడబడలేదు.

"మునుపు శివరాత్రి దాటినంక వాన ఎరుగం. ఇప్పుడు మొగులు దిక్కే చూస్కుంట కూసుంటున్నం. వానకు ముంగట ఒక్క మాట చెప్పుండ్రి. పంట కప్పుకునుడు మేం చూస్కుంటం."

అందరూ చప్పట్లు కొట్టారు. పెద్ద అధికారి స్వయంగా ఆమెకు శాలువా కప్పాడు. అప్పుడే హాలు రేకుల మీద చినుకుల చప్పుడు మొదలైంది. ఆమె భోజనానికి కూడా ఆగకుండా బయటికి పరుగెత్తింది.

"ఇవాళ వాన ఉందని పొద్దున్నే పంపించాం కదా" అన్నాడు శాస్త్రవేత్త.

"మాకు అందింది. వెంటనే కిందికి పంపించాం" అన్నాడు అధికారి.

నేను ఫోన్ తీశాను. శాలువాల కొట్టువాడు పంపిన ఫోటోల కింద ఆ కబురు ఉంది, తెరవకుండా.

సాయంత్రం ఆమె కల్లానికి వెళ్లాను. సగం పసుపు తడిసి ముద్దయింది. టార్పాలిన్ చాలని మూల కుప్ప మీద మేం కప్పిన శాలువా పరిచి ఉంది, నీళ్లు కారుతూ. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది.

"కబురు పొద్దున్నే నాకొచ్చిందక్కా. నేనే చూడలేదు."

ఆమె తడిసిన కొమ్ములు వేరు చేస్తూనే ఉంది.

"తిన్నరా సారు?" అంది చివరికి.

లేదన్నాను.

"నేను గూడ తినలె. రాండ్రి, ఇంత తిందాం." లేచి చేతులు దులుపుకుంది. "మల్ల మీటింగ్ పెడితె పిలువుండ్రి, వస్త. గని ముందుగాల ఫోన్ చూడుండ్రి. శాలువాలు తర్వాత కొనొచ్చు."